స్టీరింగ్ పట్టిన చేయే జవాబు చెప్పాలి

మొదటి ఖుత్బా

మనకు ప్రాణం పోసి, ఆ ప్రాణానికి గౌరవాన్ని ప్రసాదించి, ఒకరి ప్రాణాన్ని మరొకరి చేతిలో అమానతుగా ఉంచిన అల్లాహ్‌కే సమస్త స్తుతులు. నడిచే నడక మొదలుకొని న్యాయపీఠంపై తీర్పు వరకు మానవులకు మర్యాదలు నేర్పిన అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! అన్నింటికన్నా ముందు మాకూ, మీకూ మేము చేసే హితబోధ ఒక్కటే. అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండండి. ఆ భయభక్తులు మస్జిదులో ధరించి, బయటికి వెళ్ళేటప్పుడు మడిచి జేబులో పెట్టుకునే టోపీ వంటివి కావు. త్రాసు ముందు కూర్చున్నప్పుడు, ఇంట్లో భార్యాబిడ్డలతో మాట్లాడేటప్పుడు, అలాగే రోడ్డుమీద బండి నడిపేటప్పుడు కూడా అవి మన వెంట ఉండాలి. ఈ జుమానాడు మేము మాట్లాడదలచినది ఆ చివరి విషయాన్ని గురించే. అతివేగంగా నడిపిన వాహనం ఒక ప్రాణాన్ని తీసినప్పుడు ఆ రక్తానికి ఎవరు జవాబుదారులు? చట్టం ముందు ఎంతవరకు? అల్లాహ్ ముందు ఎంతవరకు?

ఇది చిన్న విషయమని ఎవరూ అనుకోవద్దు. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ ప్రకటించిన లెక్కల ప్రకారం 2022వ సంవత్సరంలో మన దేశ రహదారులపై 1,68,491 మంది మరణించారు. అంటే సగటున రోజుకు 460 మందికి పైగా. ఆ మరణాలలో నూటికి 71 అతివేగం ఖాతాలోనే నమోదయ్యాయి. పొద్దున 'ఖుదా హాఫిజ్' అని ఇల్లు విడిచినవారు సాయంత్రానికి జనాజాగా తిరిగివస్తున్నారు. ఆ ఇళ్ళలో మన ఇళ్ళున్నాయి, మన పొరుగువారి ఇళ్ళున్నాయి. ఆ బండ్లు నడిపినవారిలోనూ మన బిడ్డలున్నారు.

సోదరులారా! ప్రమాదం జరిగిన మరునాడు, బండి నడిపినవారి ఇంట్లో సాధారణంగా మూడు మాటలు వినిపిస్తాయి. మొదటిది, 'తఖ్దీర్‌లో అలా రాసి ఉంది, ఎవరేం చేయగలరు?' రెండవది, 'మావాడు కావాలని చేయలేదు కదా!' మూడవది, 'వకీలుతో మాట్లాడాం, కేసు సర్దుకుంటుంది.' ఈ మూడు మాటలనూ ధర్మం త్రాసులో పెట్టి తూచి చూద్దాం.

మొదటి మాట: 'తఖ్దీర్‌లో రాసి ఉంది.'

మంచీ చెడూ అన్నీ అల్లాహ్ నిర్ణయం మేరకే జరుగుతాయన్నది మన ఈమాన్‌లో భాగం. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ విశ్వాసమే ఊరట. కానీ ఆ మాటను ఓదార్పుగా చెప్పుకోవలసిన హక్కు ఆ తల్లిది. బండి నడిపినవాడు దానిని డాలుగా అడ్డుపెట్టుకోవడానికి వీలులేదు. హిజ్రీ 18వ సంవత్సరంలో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) సిరియా వైపు వెళ్తూ సర్గ్ అనే చోటికి చేరుకున్నారు. ముందున్న ప్రాంతంలో మహమ్మారి వ్యాపించిందని అక్కడ తెలిసింది. సహచరులతో సంప్రదించి వెనుదిరగాలని ఆయన నిశ్చయించారు. అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. తాము అల్లాహ్ నిర్ణయం నుండి అల్లాహ్ నిర్ణయం వైపుకే వెళ్తున్నామన్నది ఉమర్ (రజి) ఇచ్చిన జవాబులోని సారం. లోయకు ఒకవైపు పచ్చిక, మరోవైపు ఎడారి ఉంటే, ఒంటెలను పచ్చికలో మేపడం కూడా తఖ్దీరే కదా అని ఆయన దృష్టాంతం చెప్పారు.

ఈ సంఘటనను మన రోడ్డు మీదికి తెచ్చి ఆలోచించండి. బ్రేకు మీద కాలు పెట్టడం తఖ్దీర్ వెలుపలిది కాదు. సీటు బెల్టు, హెల్మెట్ తఖ్దీర్ వెలుపలివి కావు. వేగం తగ్గించుకునే అవకాశాన్ని అల్లాహ్ మన పాదం కింద ఉంచాడు. ఆ పాదంతో యాక్సిలరేటరును నొక్కి, జరిగినదాన్ని రాత మీదికి నెట్టడం విశ్వాసం కాదు, తప్పించుకోవడం. ఒకరి భారాన్ని మరొకరు మోయరని ఖుర్‌ఆన్ పదేపదే హెచ్చరిస్తుంది. అటువంటప్పుడు మన భారాన్ని తఖ్దీర్ మీద వేసి లేచిపోవడం ఎలా చెల్లుతుంది?

రెండవ మాట: 'కావాలని చేయలేదు.'

సోదరులారా! ఇది చాలావరకు నిజమే. కారెక్కేటప్పుడు ఫలానావాణ్ణి చంపాలన్న సంకల్పం ఎవరికీ ఉండదు. అయితే సంకల్పం లేకపోతే బాధ్యత కూడా లేదని షరీఅత్ ఎక్కడా చెప్పలేదు. అన్ నిసా సూరాలోని 92వ ఆయతును తీసి చదవండి. అది కావాలని చేసిన హత్య గురించినది కాదు, పొరపాటున జరిగిన ప్రాణహాని గురించినది. ఆ పొరపాటుకే అల్లాహ్ రెండు బాధ్యతలు విధించాడు. ఒకటి, మరణించినవారి కుటుంబానికి చెల్లించవలసిన దియత్, అంటే రక్తపరిహారం. కుటుంబం తనంత తాను మాఫీ చేస్తే అది వేరే సంగతి. రెండవది, అల్లాహ్‌కు చెల్లించవలసిన కఫ్ఫారా, అంటే బానిసకు విముక్తి కలిగించడం. ఆ స్తోమత లేనివారు వరుసగా రెండు నెలలు ఉపవాసాలు పాటించాలి. మరో సంగతి గమనించండి. మరణించినవారు మనతో ఒడంబడిక కలిగి ఉన్న ఇతర సమాజానికి చెందినవారైనా ఇవే బాధ్యతలను ఆ ఆయతు పేర్కొంటుంది. కలిసి జీవిస్తున్న ఈ దేశంలో మన చక్రం కింద పడిన మనిషి పేరేమిటి, మతమేమిటి అని అడిగే వీలు మనకు లేదు.

మద్రసాలలో తరతరాలుగా చదువుతున్న 'అల్ హిదాయా' గ్రంథకర్త, 12వ శతాబ్దపు ఇమాం మర్గీనానీ (రహిమహుల్లాహ్), ప్రాణహానిని ఐదు విధాలుగా వివరించారు. ఉద్దేశపూర్వకంగా ఆయుధంతో చంపడం, దానిని పోలినది, పొరపాటు, పొరపాటు వంటిది, కారణభూతుడు కావడం. ఈ విభజన మోటారు వాహనానికి వందల ఏళ్ళ ముందుది. అయినా మన రహదారులను చూసి రాసినట్లే ఉంటుంది. 'పొరపాటు వంటిది' అన్నదానికి వారు చెప్పిన ఉదాహరణ, నిద్రలో దొర్లి పక్కవారి మీద పడి వారి ప్రాణం పోవడానికి కారణమైన మనిషి. రాత్రంతా నిద్రలేకుండా కారు నడుపుతూ తెల్లవారుజామున కునుకు తీసిన డ్రైవరు గుర్తుకు రావడం లేదా? 'కారణభూతుడు' అన్నదానికి ఉదాహరణ, తనది కాని స్థలంలో గొయ్యి తవ్వినవాడు, బండరాయి పెట్టినవాడు. వెనుక దీపాలు లేకుండా హైవే మీద లారీని నిలిపి వెళ్ళినవారు, రోడ్డు మీద వడ్లు ఆరబోసి రాత్రికి చుట్టూ రాళ్ళు పేర్చి వదిలేసినవారు ఈ మాట విని ఒకసారి ఆలోచించాలి.

సవారీ జంతువు వల్ల కలిగే నష్టాల గురించి కూడా మన ఫుఖహాలు ప్రత్యేకంగా చర్చించారు. వారు నిలిపిన సూత్రం ఇది: బహిరంగ మార్గంలో ప్రయాణించే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది, అయితే ఆ హక్కు ఇతరుల క్షేమం అనే షరతుకు లోబడినది. నివారించుకోగలిగిన ప్రతిదానికీ ఆ షరతు వర్తిస్తుంది. అందుచేత జంతువు ముందుకాళ్ళతో తొక్కినదానికి రౌతు పరిహారం చెల్లించాలి. నడుస్తున్న జంతువు వెనుకకాలితో తన్నితే, తోకతో కొడితే రౌతు బాధ్యుడు కాడు, ఎందుకంటే దానిని ఆపడం అతని చేతిలో లేదు. కానీ అదే జంతువును దారిమధ్యలో నిలిపి ఉంచితే ఆ తన్నుకు కూడా అతడే బాధ్యుడు. ఎంత సున్నితమైన న్యాయమో చూడండి! మనిషి చేతిలో ఉన్నదెంత, చేతిలో లేనిదెంత అని వారు అంగుళాలు కొలిచి చెప్పారు. ఒంటెకు, గుర్రానికి దాని సొంత బుద్ధి అంటూ ఒకటి ఉంటుంది, బెదురుతుంది, మొండికేస్తుంది. కారుకు బుద్ధి లేదు. అది పోయే వేగమంతా నడిపే మనిషి ఇచ్చిన వేగమే.

ఇంకొక మాట కూడా హిదాయాలో ఉంది. పొరపాటున ప్రాణం తీసినవాడికి హంతకుని పాపం ఉండదు, కానీ తీసుకోవలసిన జాగ్రత్తను విడిచిపెట్టిన పాపం నుండి అతడు బయటపడలేడు. కఫ్ఫారా విధించబడటమే అందుకు నిదర్శనం. 'కావాలని చేయలేదు' అన్నవారికి ఇదే జవాబు. చంపాలని మీరు సంకల్పించలేదు, నిజమే. కానీ వేగాన్ని సంకల్పించారు. ఆ మలుపు దగ్గర బడి ఉందని తెలిసీ సంకల్పించారు.

మన కాలపు పండితులు కూడా ఈ విషయంలో మౌనంగా లేరు. 1993 జూన్‌లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ రోడ్డు ప్రమాదాల పైన 71వ తీర్మానం చేసింది. షరీఅత్‌కు విరుద్ధం కాని ట్రాఫిక్ నిబంధనలను పాటించడం ధార్మికంగా కూడా తప్పనిసరి అని అందులో ప్రకటించింది. తన తప్పిదం వల్ల ఇతరుల ప్రాణానికి, ఆస్తికి కలిగిన నష్టానికి డ్రైవరే బాధ్యుడని తేల్చింది. తప్పించుకోవడం సాధ్యంకాని ఆపద వచ్చిపడినప్పుడు, నష్టపోయినవారి చర్యే బలమైన కారణమైనప్పుడు, మూడవ వ్యక్తి తప్పిదం వల్ల జరిగినప్పుడు అతనికి మినహాయింపు ఉంది. ఇద్దరి తప్పూ ఉంటే ఎవరి వంతు వారిది. కనుక ప్రతి ప్రమాదంలోనూ డ్రైవరే దోషి అని మేము అనడం లేదు. దోషం ఎంతో అంతే మోయాలి, కానీ అంతా మోయాలి.

సోదరులారా! ఇస్లాం వేగాన్ని నిషేధించలేదు. హజ్జతుల్ విదా సందర్భంగా అరఫాత్ మైదానం నుండి జనసమూహం మరలివస్తున్నది. వెనుక నుండి ఒంటెలను కొడుతూ, గద్దిస్తూ తరుముతున్న శబ్దం దైవప్రవక్త (స) చెవిన పడింది. వారు చేతి కొరడాతో సంజ్ఞచేసి, నెమ్మదిగా సాగమని, పుణ్యం తొందరపాటులో లేదని జనానికి బోధించారు. అదే ప్రయాణం గురించి హజ్రత్ ఉసామా (రజి) చెప్పిన విషయం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. దైవప్రవక్త (స) మధ్యస్థమైన నడకతో సాగారు, ఖాళీ స్థలం దొరికినప్పుడు వేగం పెంచారు. ఈ రెండింటినీ కలిపి అర్థం చేసుకోండి. దారి ఖాళీగా ఉన్నచోట, హద్దులో, వేగం అనుమతించబడినదే. మనుషులున్నచోట ఆ వేగం తగ్గాలి. హజ్ వంటి మహత్తర ఆరాధన మధ్యలోనే తొందరపాటుకు పుణ్యంలో చోటు లేకపోతే, వలీమా విందుకు సమయానికి చేరాలన్న ఆత్రుతకు చోటెక్కడిది?

మస్జిదులో గానీ బజారులో గానీ బాణాలు పట్టుకుని నడిచేవారు వాటి మొనలను చేతితో పట్టి ఉంచాలని, ఎవరికీ గుచ్చుకోకూడదని కూడా దైవప్రవక్త (స) ఆదేశించారు. ప్రమాదకరమైన వస్తువును జనం మధ్యకు తెచ్చినవాడే దాని మొనను కాయాలి. జనం తప్పుకోవాలని ఆశించే హక్కు అతనికి లేదు. కారు వేగమే దాని మొన. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటిపోతుంది. ఫోను మోగితే ఎవరా అని ఒక్క క్షణం చూసేలోపు ఒక బడి గేటు దాటిపోతుంది. వేగం రెండింతలైతే, బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం సుమారు నాలుగింతలవుతుంది. 'నాకు చేయి తిరిగింది, నేను ఆపగలను' అనే యువకుడికి ఈ లెక్క లొంగదు.

మూడవ మాట: 'కేసు సర్దుకుంటుంది.'

చట్టం ఏమంటుందో ముందు తెలుసుకుందాం. నిర్లక్ష్యంతో ప్రాణం పోవడానికి కారణమైతే పాత శిక్షాస్మృతిలోని 304-ఎ సెక్షను కింద గరిష్ఠంగా రెండేళ్ళ జైలుశిక్ష ఉండేది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షనులో దానిని ఐదేళ్ళకు పెంచారు. ప్రమాదం చేసి, పోలీసులకు తెలపకుండా పారిపోయినవారికి పదేళ్ళ వరకు శిక్ష విధించే ఉపసెక్షను కూడా అందులో ఉంది. లారీ డ్రైవర్ల ఆందోళన తరువాత దానిని మాత్రం అమలు చేయకుండా నిలిపి ఉంచారు. వీటికి మించిన మరో మెట్టు ఉంది. 2006 నవంబరులో ముంబయి బాంద్రాలో ఒక కారు పేవ్‌మెంటు మీద నిద్రిస్తున్న కూలీల మీదికి దూసుకుపోయి ఏడుగురి ప్రాణాలు తీసింది. ఆ కేసులో 2012లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గమనించాలి. తన చర్య వల్ల ప్రాణాలు పోవచ్చునని తెలిసి కూడా దుస్సాహసంగా నడిపినవాడి నేరం కేవలం నిర్లక్ష్యం కాదని, దానిని శిక్షార్హమైన నరహత్యగా పరిగణించవచ్చునని కోర్టు స్పష్టం చేసింది. అంటే చట్టం కూడా 'కావాలని చేశావా?' అన్న ప్రశ్నతో ఆగడం లేదు, 'నీకు తెలుసా?' అని కూడా అడుగుతున్నది.

అయినా కోర్టు చూసేది సాక్ష్యాన్నే. సాక్ష్యం మారితే తీర్పు మారుతుంది. 2024 మే నెలలో పుణె నగరంలో ఒక ఖరీదైన కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజినీర్లు మరణించారు. నడిపినది 17 ఏళ్ళ బాలుడని పోలీసులు అభియోగం మోపారు. మొదట అతనికి బెయిలిస్తూ విధించిన షరతులలో రోడ్డు ప్రమాదాలపై 300 పదాల వ్యాసం రాయడం ఒకటి. ఆ తరువాత రక్తపు నమూనా మార్చారని, నేరాన్ని తన మీద వేసుకోమని ఇంటి డ్రైవరును ఒత్తిడి చేశారని ఆరోపణలు వచ్చి కేసులు నమోదయ్యాయి. ఆ నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానం. కానీ అటువంటి ఆలోచన ఎంత తేలికగా మనుషుల మనసులోకి వస్తుందో మనకు తెలియనిది కాదు. జీతానికి పనిచేసే పేదవాణ్ణి పిలిచి, 'నువ్వే నడిపావని చెప్పు, నీ ఇల్లు మేం చూసుకుంటాం' అనడం మన ఊళ్ళలోనూ వినని మాట కాదు.

దైవప్రవక్త (స) సన్నిధికి వివాదాలు తెచ్చినవారికి వారు చేసిన హెచ్చరికను హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించారు. తాము కూడా మనిషేనని, విన్నదాన్ని బట్టి తీర్పు చెబుతామని, ఒకరు వాదనలో మరొకరికన్నా నేర్పరి కావచ్చునని వారు అన్నారు. అలా పొరుగువాని హక్కు తనకు దక్కితే, దక్కినది నరకాగ్ని ముక్క అని హెచ్చరించారు. సాక్షాత్తూ దైవప్రవక్త (స) తీర్పే అసత్యవాదికి అధర్మాన్ని ధర్మంగా మార్చలేనప్పుడు, నేటి కోర్టులో 'కేసు కొట్టివేయడమైనది' అన్న ఒక్క వాక్యం ఏం మార్చగలదు? ప్రళయదినాన మనుషుల మధ్య మొట్టమొదట తీర్పు చెప్పబడేది రక్తం విషయంలోనేనని కూడా వారు తెలియజేశారు. అక్కడ సీసీ కెమెరా అవసరం లేదు. స్టీరింగ్ పట్టిన చేయే మాట్లాడుతుంది, యాక్సిలరేటరు నొక్కిన పాదమే సాక్ష్యమిస్తుంది.

ఈ మాటలు చెప్పి, మా కొరకు, మీ కొరకు అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాము. మీరు కూడా వేడుకోండి.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కే స్తుతి. ఆయన ప్రవక్తపై శాంతి, శుభాలు కలుగుగాక.

సోదరులారా! ఇప్పుడు చేయవలసిన పనుల గురించి చెప్పుకుందాం.

మొదటిది, ప్రమాదం జరిగిన ఆ మొదటి గంట. బండి ఆపాలి. 108కు ఫోను చేయాలి. పడినవారిని ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు చేయాలి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను డ్రైవరుకు ఈ బాధ్యతను అప్పగించింది. జనం ఆగ్రహంతో మీదపడే పరిస్థితి ఉంటే తప్పుకోవచ్చు గానీ, వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలలోపు, పోలీసు స్టేషనులో తెలియజేయాలి. పారిపోయినవాడు ఒక పొరపాటును రెండు నేరాలుగా మారుస్తున్నాడు. రక్తం కారుతున్న మనిషి ప్రాణం నిలబడటానికి ఉన్న సమయాన్ని కూడా అతడు దోచుకుంటున్నాడు. చూస్తున్నవారికి కూడా మా మనవి: మీరు డ్రైవరును కొట్టడానికి పోగవకండి, పడినవారిని ఎత్తడానికి పోగవండి. సహాయం చేసినవారిని కేసులలో ఇరికించరాదని, వారి పేరు చెప్పమని బలవంతపెట్టరాదని అదే చట్టంలోని 134-ఎ సెక్షను రక్షణ కల్పిస్తున్నది. దారిలోని ముల్లును తొలగించడమే ఈమాన్‌లో భాగమైతే, దారిలో పడిన మనిషిని లేపడం ఎంతటి భాగం!

రెండవది, బంధువులూ, జమాఅత్ పెద్దలూ చేయవలసినది. పొరపాటున జరిగిన ప్రాణహానిలో దియత్ భారాన్ని నేరస్థుని బంధువర్గం, అంటే 'ఆఖిలా', పంచుకోవాలని షరీఅత్ నిర్ణయించింది. ఇందులోని వివేకాన్ని గ్రహించండి. వానితో కలిసి చెల్లించమని అల్లాహ్ ధర్మం మనకు చెప్పింది, వానితో కలిసి అబద్ధం చెప్పమని చెప్పలేదు. మన బిడ్డ మనకు ప్రియమే. అయితే మనకూ, మన తల్లిదండ్రులకూ, బంధువులకూ వ్యతిరేకంగా వచ్చినా సరే న్యాయంవైపు నిలబడి సాక్ష్యం చెప్పమని అన్ నిసా సూరా 135వ ఆయతు ఆదేశిస్తున్నది. పెద్దలు మధ్యవర్తిత్వం వహిస్తే, బాధితుల ఇంటికి వెళ్ళి తప్పు ఒప్పుకోవడానికి, బకాయి చెల్లించడానికి వెళ్ళండి. ఖననమైన మూడోనాడే కాగితాలు తీసుకుని సంతకం పెట్టమని వెళ్ళకండి. మాఫీ చేయడం వారసుల హక్కు. ఆకలికో, భయానికో, మన పలుకుబడికో లొంగి పెట్టిన వేలిముద్ర మాఫీ కాదు.

మూడవది, బండి నడిపినవారు స్వయంగా చేయవలసినది. ట్రిబ్యునల్ ఇప్పించే పరిహారం బాధితుల హక్కు. దానిని ఆలస్యం చేయడానికి, తగ్గించడానికి అబద్ధపు వాదనలు పన్నకండి. ఇన్సూరెన్సు లేని బండిని రోడ్డెక్కించకండి. థర్డ్ పార్టీ బీమా చట్టరీత్యా తప్పనిసరి. అది లేని బండి గుద్దితే నష్టపోయేది రోడ్డు పక్కన నడిచే పేదవాడే. అయితే బీమా కంపెనీ డబ్బు చెల్లించినంత మాత్రాన కఫ్ఫారా తీరదు. మీ తప్పిదం వల్ల ప్రాణం పోయిందని తేలితే రెండు నెలల నిరంతర ఉపవాసాలు మీరే ఉండాలి. ఆ ఆయతులో దానికి బదులుగా అన్నం పెట్టడం అనే మార్గం పేర్కొనబడలేదు. ఒకరికన్నా ఎక్కువమంది మరణిస్తే కఫ్ఫారాలు కూడా అన్ని ఉంటాయి. మీ నిర్లక్ష్యం వల్ల పక్క సీటులోని సొంతవారే మరణిస్తే కూడా ఇదే విధి. అంతేకాక హనఫీ మజ్‌హబ్ ప్రకారం వారి ఆస్తిలో మీ వారసత్వ హక్కు కూడా పోతుంది. ఇటువంటి స్థితిలో ఉన్నవారు సిగ్గుపడకుండా, దాచకుండా సమీపంలోని ముఫ్తీ వద్దకు వెళ్ళి జరిగినదంతా చెప్పి తమ విషయంలో ధార్మిక తీర్పు తెలుసుకోవాలి.

ఏళ్ళ క్రితం ఇటువంటిది జరిగి, కేసు ముగిసిపోయి, ఎవరికీ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోతున్న సోదరులు కూడా మన మధ్య ఉండవచ్చు. వారికి మేము చెప్పేది నిరాశ కాదు. కఫ్ఫారా శిక్ష మాత్రమే కాదు, అది అల్లాహ్ తెరచి ఉంచిన తలుపు. కోర్టు మీకు ఆ తలుపు చూపలేదు, చూపలేదు కూడా, అది దాని పని కాదు. ఉపవాసాలు ఉండండి. ఆ కుటుంబం ఎక్కడుందో తెలుసుకుని, వారికి చెల్లవలసినది చెల్లించి, వారిని క్షమించమని అడగండి. అరవై రోజుల ఆకలిదప్పులలో ఒక ప్రాణం విలువ ఏమిటో మనసుకు పడుతుంది. తౌబాకు ఆలస్యమంటూ లేదు, ఊపిరి ఉన్నంతవరకు.

నాల్గవది, తండ్రులారా! లైసెన్సు వయసు రాని బిడ్డకు బండి తాళం ఇవ్వడం ముద్దు చేయడం కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 199-ఎ సెక్షను ప్రకారం మైనరు చేసిన నేరానికి సంరక్షకుడు లేదా బండి యజమాని బాధ్యుడు. మూడేళ్ళ వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషను రద్దు ఉంటాయి. ఆ బిడ్డకు 25 ఏళ్ళు వచ్చేవరకు లైసెన్సు రాదు. ఇది చట్టం మాట. ప్రతి ఒక్కరూ కాపరేనని, ప్రతి కాపరినీ తన మంద గురించి ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) చేసిన బోధ దీనికన్నా ముందుది. అలాగే, ఫలానా గంటకు సరుకు చేరకపోతే కూలీ కోస్తామని డ్రైవర్లను తరిమే యజమానులారా! ఆ వేగంలో మీకూ వంతు ఉంది.

యువకులారా! షబె బరాత్ రాత్రి, రంజాన్ రాత్రులలో హైదరాబాదు వీధులలో కొందరు మోటారు సైకిళ్ళ మీద చేసే విన్యాసాల గురించి మీకు తెలుసు. అటువంటి రాత్రులలో పోలీసులు ఫ్లైఓవర్లు మూసివేయవలసి వస్తున్నది. క్షమాపణ వేడుకునే రాత్రి మన పేరు చెప్పి వంతెనలకు అడ్డుకంచెలు వేయడం మనకు సిగ్గుచేటు కాదా? కరుణామయుని దాసులు భూమిపై అణకువతో నడుస్తారని అల్ ఫుర్ఖాన్ సూరా వారి మొదటి గుర్తుగా చెప్పింది. చక్రాల మీద నడిచినా అది నడకే. మీ అమ్మ ఇంటి దగ్గర తలుపు వైపు చూస్తూ కూర్చుని ఉంటుంది. రోడ్డు దాటుతున్న ముసలాయన కోసం కూడా ఎవరో అలాగే కూర్చుని ఉంటారు.

పాలకుల బాధ్యత కూడా ఉంది. గుంతలు పడిన రోడ్లు, వెలగని దీపాలు, ఎక్కడా కనబడని హెచ్చరిక బోర్డులు ఎందరినో బలితీసుకుంటున్నాయి. తన పాలనలో ఎక్కడో దూరాన ఒక జంతువు కాలు జారినా, దారి ఎందుకు చదును చేయలేదని అల్లాహ్ తనను ప్రశ్నిస్తాడని హజ్రత్ ఉమర్ (రజి) భయపడేవారని ప్రసిద్ధం. కనుక రోడ్డు బాగు కోసం అడగండి, అర్జీలు పెట్టండి. కానీ గుంత ఉందని తెలిసిన దారిలో వేగం తగ్గించవలసింది మనమే.

రండి, దుఆ చేద్దాం. యా అల్లాహ్! రహదారులపై ప్రాణాలు కోల్పోయిన విశ్వాసులను క్షమించు, వారి సమాధులను వెలుగుతో నింపు. ఏ మతంవారైనా సరే, ఆప్తులను కోల్పోయిన ప్రతి కుటుంబానికి సహనాన్ని, ఆసరాను ప్రసాదించు. గాయపడి మంచాన ఉన్నవారికి స్వస్థత చేకూర్చు. మా చేతులతో అమాయకుల రక్తం చిందకుండా కాపాడు. మావల్ల తప్పు జరిగితే దానిని ఒప్పుకునే ధైర్యాన్ని, చెల్లించే స్తోమతను, సరిదిద్దుకునే ఆయుష్షును ప్రసాదించు. మా బిడ్డల తొందరపాటును వివేకంగా మార్చు. ఇల్లు విడిచిన ప్రతి ప్రయాణికుణ్ణి క్షేమంగా ఇల్లు చేర్చు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.

నమాజుకు లేవండి. సఫ్‌లు సరిచేసుకోండి.